మా లిమిట్స్ కాదమ్మా

2009లో మా పిన్ని సంచి రైల్లో పోయింది. బరంపురంలో ఆడపడుచు ఇంట్లో పెళ్లికి వెళ్లి, రాత్రి పది దాటాక రైలెక్కి ఇంటికి వస్తోంది. స్లీపర్ బోగీ, కింది బెర్తు. తల కింద ఒక సంచి, కాళ్ల దగ్గర ఇంకోటి. ఆ కాళ్ల దగ్గర సంచిలో రెండు బరంపురం పట్టుచీరలు, ఆడపడుచు కట్టిచ్చిన అప్పడాలు, పెళ్లికని బీరువాలోంచి తీసి పెట్టుకెళ్లిన ఒక జత గాజులు. తెల్లవారుజామున, విశాఖపట్నం ఎప్పుడో దాటిపోయాక మెలకువొచ్చి చూసుకుంటే అప్పడాల వాసన కూడా మిగల్లేదు.

దిగిన స్టేషన్ పేరు చెప్పను. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఇద్దరు ముగ్గురి కోసం ఒక ఊరి పేరు పాడు చేయడం ఎందుకు. పిన్నిని దింపుకోవడానికి నాన్న స్టేషన్‌కి వెళ్లారు. నాన్న ముప్పై ఏళ్లు టీటీఈగా పనిచేసి అప్పటికి రెండేళ్ల కిందటే రిటైరయ్యారు. ఏ తలుపు తట్టాలో తెలిసిన మనిషే. ఆయనే పక్కనుండి కూడా జరిగింది ఇది.

ముందు ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం గది. అక్కడి కానిస్టేబుల్ మర్యాదగానే చెప్పాడు. "రైల్వే ఆస్తి అయితే మేం చూస్తామండి. ప్యాసింజర్ లగేజీ జీఆర్పీ వాళ్లది. ప్లాట్‌ఫారం ఆ చివర."

ఆ చివర జీఆర్పీకి, అంటే గవర్నమెంట్ రైల్వే పోలీసు గదికి వెళ్లారు. అక్కడ రాతపని చూసే రైటర్ కాయితం ముందు పెట్టుకుని అడిగాడు.

"ఎక్కడ పోయిందమ్మా?"

"రైల్లో."

"రైల్లో అంటే ఎక్కడ? ఏ స్టేషన్‌కీ ఏ స్టేషన్‌కీ మధ్య?"

"నిద్రలో ఉన్నాను బాబూ. ఎక్కడ పోయిందో తెలిస్తే అక్కడే పట్టుకునేదాన్ని కదా."

రైటర్ పెన్ను కింద పెట్టేశాడు. "ఒరిస్సాలో పోయుంటే మా లిమిట్స్ కాదమ్మా."

అప్పటికింకా దాని పేరు ఒరిస్సానే. గంటసేపు బతిమాలాక తెల్ల కాయితం మీద ఒక అర్జీ రాయించుకున్నారు. ఎఫ్ఐఆర్ నంబరు ఇవ్వలేదు. ఆ సంచి సంగతి ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కానీ ఆ మాట మాత్రం మా ఇంట్లో సామెతైపోయింది. అన్నం గిన్నె ఎవరు కడగాలన్నా, గేటు ఎవరు వేయాలన్నా "మా లిమిట్స్ కాదమ్మా".

ఎనిమిదేళ్ల తర్వాత, గ్లాస్గోలో ఉంటున్న రోజుల్లో, స్కాట్లాండ్ పార్లమెంటులో ఒక బిల్లు గురించి పేపర్లో చదువుతున్నప్పుడు ఆ రైటర్ గొంతు మళ్లీ వినపడింది. రైల్వే పోలీసుల్ని తీసుకెళ్లి రాష్ట్ర పోలీసుల్లో కలిపేసే బిల్లు అది. వాళ్లది రాష్ట్రం అనరు, దేశం అంటారు, అది వేరే గొడవ. అక్కడి వాళ్లకి ఆ ప్రతిపాదన కొత్త. నాకు మాత్రం అది మా ఊరి ప్లాట్‌ఫారం ఆ చివర గది.

మన దగ్గర ఏర్పాటు ఎలా ఉందో ముందు చెప్పాలి, లేకపోతే నా భయం అర్థం కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రైల్వేలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. పోలీసు మాత్రం రాష్ట్ర జాబితాలో రెండో అంశం. అక్కడ పోలీసు అని ఊరుకోలేదు, రైల్వే పోలీసునీ గ్రామ పోలీసునీ పేరుపెట్టి మరీ కలిపారు. అంటే పట్టాలు ఢిల్లీవి, పట్టాల మీద జరిగే దొంగతనం హైదరాబాదుది, అమరావతిది, భువనేశ్వర్‌ది. దొంగతనం, దోపిడీ, హత్య లాంటి కేసులన్నీ జీఆర్పీ చూస్తుంది, అది రాష్ట్ర పోలీసులో ఒక విభాగం. ఖర్చు మాత్రం రాష్ట్రమూ రైల్వేలూ చెరి సగం. ఆర్పీఎఫ్ కేంద్రానిది, 1957 చట్టంతో వచ్చింది. రైల్వే ఆస్తి కాపాడటం దాని అసలు పని. 2004 జులై నుంచి ప్రయాణికుల భద్రత కూడా దాని బాధ్యతల్లో చేరింది, రాత్రి రైళ్లలో తుపాకీతో వాళ్లూ తిరుగుతారు. దొంగని పట్టుకోవచ్చు, కానీ పట్టుకుని జీఆర్పీకి అప్పజెప్పాలి. ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు ఖాకీలు, ప్రయాణికుడికి రెండూ పోలీసే.

బ్రిటన్‌లో ఇలా లేదు. బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీస్, అందరూ బీటీపీ అనేది, ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్ మూడింటి రైళ్లకూ ఒకటే. దాని మూలాలు 1820లలో స్టాక్‌టన్, డార్లింగ్టన్ రైలు మార్గం దాకా వెళ్తాయి. సిగ్నళ్లు లేని ఆ తొలిరోజుల్లో జెండా ఊపి రైళ్లను పంపింది కూడా రైల్వే పోలీసులే. అందుకే ఇప్పటికీ అక్కడి రైల్వేవాళ్లు సిగ్నల్ మనిషిని బాబీ అని పిలుస్తారు, అంటే పోలీసాయన అని. కేసు పెట్టేదీ, దర్యాప్తు చేసేదీ వాళ్లే. జీతాలకు డబ్బు ముఖ్యంగా రైలు కంపెనీలూ, పట్టాలు చూసే నెట్‌వర్క్ రైలూ కడతాయి.

నేను ఉద్యోగానికి రోజూ గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్లో ఎక్కి, స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో హేమార్కెట్ స్టేషన్లో దిగేవాణ్ణి. యాభై నిమిషాలు. 2016 చివర్నుంచి ఆ యాభై నిమిషాల్లో కనీసం రెండుసార్లు ఒక ఆడగొంతు మైకులో చెప్పేది: అనుమానంగా ఏదైనా కనపడితే 61016కి మెసేజ్ పెట్టండి, సీ ఇట్, సే ఇట్, సార్టెడ్. చూడు, చెప్పు, మేం చూసుకుంటాం అని. ఆ గొంతుని తిట్టుకోని ప్రయాణికుడు బ్రిటన్‌లో లేడు. నేనూ తిట్టుకునేవాణ్ణి, ఒక శనివారం రాత్రి దాకా.

ఆ రాత్రి ఎడిన్‌బరాలో స్నేహితుడి ఇంట్లో భోంచేసి తిరిగొస్తున్నాను. గ్లాస్గోలో సెల్టిక్, రేంజర్స్ అని రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి. వాటి మధ్య వైరం ఆటది మాత్రమే కాదు, మతానిదీ, ఐర్లండ్‌దీ, తాతల నాటిదీ. రాత్రి 9 నుంచి ఉదయం 10 దాకా ఆ రైళ్లలో మందు తాగకూడదని 2012 నుంచి నిబంధన ఉండేది, కానీ కడుపులో ముందే పోసుకుని ఎక్కితే ఏ నిబంధన ఏం చేస్తుంది. నలుగురు ఒక కుర్రాడి కండువా రంగు చూసి మీదకెళ్లారు. నా ఎదురు సీటు ఆవిడ ఒళ్లో ఫోను పెట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకునే, ఏదో టైపు చేసింది. తర్వాతి స్టేషన్లో ఇద్దరు పోలీసులు మా బోగీ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. మా బోగీయే. రైలు రెండు నిమిషాలు ఆలస్యమైంది.

ప్రతిసారీ ఇలా జరుగుతుందని నేననను. కానీ ఆ రెండు నిమిషాల వెనక ఏముందో రైల్వే ఇంట్లో పుట్టినవాడికి వెంటనే తడుతుంది. ఏ రైలు, ఏ స్టేషన్లో ఎటువైపు తలుపు, ఎన్నో బోగీ ఎక్కడ ఆగుతుంది, పోలీసు మనిషి కంట్రోల్ రూమ్‌తో ఏ భాషలో మాట్లాడాలి. ఇవన్నీ తెలిసినవాళ్లే ఆ పని చేయగలరు.

ఇక బిల్లు. 2014 సెప్టెంబరులో స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద ఓటింగు జరిగి వీగిపోయింది. ఓడినవాళ్లకి ఊరటగా మరిన్ని అధికారాలిద్దామని లార్డ్ స్మిత్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. నవంబరు 27న వచ్చిన దాని నివేదికలో ఒక చిన్న వాక్యం: స్కాట్లాండ్‌లో బీటీపీ చేసే పనులు ఇకపై స్కాట్లాండ్ పార్లమెంటు పరిధిలోకి రావాలి. అధికారం అక్కడికి రావాలన్నారే తప్ప ఆ పోలీసుల్ని ఎందులోనో కలపమని అనలేదు. బీటీపీని నడిపే సంస్థ మూడు దారులు చూపించింది. పాలనా ఏర్పాటుతో సరిపెట్టుకోవడం ఒకటి, చట్టం మార్చి జవాబుదారీ మాత్రం స్కాట్లాండ్‌కి తేవడం ఇంకోటి, పూర్తిగా విలీనం చేయడం మూడోది. స్కాట్లాండ్ ప్రభుత్వం మూడోదే పట్టుకుంది. 2016 డిసెంబరులో బిల్లు పెట్టి, 2017 జూన్ 27న 53 మీద 68 ఓట్లతో నెగ్గించుకున్నారు. స్కాటిష్ నేషనల్ పార్టీ, గ్రీన్స్ బిల్లు వైపు. లేబర్, కన్సర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్లు ఎదురు. 2019 ఏప్రిల్ 1 నాటికి బీటీపీ స్కాట్లాండ్ విభాగం మొత్తం పోలీస్ స్కాట్లాండ్‌లో కలిసిపోవాలి. ఏప్రిల్ 1 అన్నది నేను కల్పించింది కాదు.

విలీనం కావాలన్నవాళ్ల మాటలో బలం లేదని నేనంటే అబద్ధమే అవుతుంది. గ్లాస్గో వీధిలో మిమ్మల్ని ఆపిన పోలీసు ఎడిన్‌బరాలో ప్రజలు ఎన్నుకున్న వాళ్లకి జవాబు చెప్పాలి. అదే గ్లాస్గో స్టేషన్లో మిమ్మల్ని ఆపిన పోలీసు మాత్రం లండన్‌కి చెప్పాలి. పైగా రైలు కంపెనీలు డబ్బు కట్టే పోలీసు ఎవరి మాట వింటాడన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. ఒక దేశం తన పోలీసుల్ని తన చేతిలో ఉంచుకోవాలనుకోవడంలో తప్పేముంది? మన రాష్ట్రాలు కూడా ఇదే మాట మీద ఎన్నోసార్లు ఢిల్లీతో పేచీ పడ్డాయి, పడాలి కూడా. సరిహద్దు దాటే రైళ్లు ఎన్ని ఉన్నాయని వాళ్లు అడిగినదీ న్యాయమైన ప్రశ్నే. స్కాట్లాండ్ రైళ్లలో ఎక్కువ భాగం స్కాట్లాండ్‌లోనే మొదలై అక్కడే ఆగిపోతాయి.

నాకు అనుమానం మొదలైంది వాళ్ల ఇంకో మాట దగ్గర. "రైల్వే పోలీసు నైపుణ్యం ఎక్కడికీ పోదు, పోలీస్ స్కాట్లాండ్‌లో ప్రత్యేక విభాగంగా ఉంటుంది" అన్నారు. పోలీస్ స్కాట్లాండ్ అంటే 2013 ఏప్రిల్‌లో ఎనిమిది దళాల్ని ఒకటి చేసి పుట్టించిన సంస్థ, దాదాపు 17 వేల మంది. బీటీపీ స్కాట్లాండ్ విభాగం రెండొందల పైచిలుకు. పదిహేడు వేలలో రెండొందలు.

ఈ లెక్క మా నాన్నకి ఫోన్లో చెప్పాను. ఆయన నవ్వి, "బందోబస్తుకి పంపేస్తార్రా" అన్నారు.

అంతకంటే క్లుప్తంగా ఆ బిల్లుని ఎవరూ విమర్శించలేదని నా నమ్మకం. పెద్ద దళంలో చిన్న విభాగం అంటే ఏమిటో ఆయన ముప్పై ఏళ్లు చూశారు. జీఆర్పీకి జిల్లా పోలీసుల్లోంచి వస్తారు, మూడేళ్లో నాలుగేళ్లో ఉంటారు, మళ్లీ వెళ్లిపోతారు. వచ్చిన కొత్తలో పైకి వెళ్లే లైనేది, కిందకి వచ్చే లైనేది అన్నది కూడా తెలియదు. అది తెలిసే వేళకి బదిలీ. మధ్యలో మంత్రిగారి పర్యటన, ఎన్నికలు, ఉత్సవం, ఏది వచ్చినా ముందు ఖాళీ అయ్యేది రైల్వే స్టేషన్ గదే. ఎస్పీ దృష్టిలో ఊరు ముందు, రైలు తర్వాత. అందులో ఆ ఎస్పీ తప్పేమీ లేదు. ఊరు అక్కడే ఉంటుంది, రేపు పొద్దున మళ్లీ అడుగుతుంది. రైలు వెళ్లిపోతుంది, దాంతోపాటు ఫిర్యాదు చేసే మనిషీ వెళ్లిపోతాడు. నిలబడి అడగలేని మనిషి కోసం పనిచేసే పోలీసుకి తన గది, తన పద్దు, తన పై అధికారి విడిగా ఉండాలనడానికి ఇంతకు మించిన కారణం నాకు కనపడదు.

నాన్న చెప్పే ఇంకో సంగతి ఉంది. ఇది కాస్త కఠినంగా ఉంటుంది. రైలు కింద పడి ఎవరైనా చనిపోతే మన రైల్వేవాళ్లు రన్ ఓవర్ అంటారు. ఒకసారి రాత్రి అలాంటిది జరిగింది, శవం సరిగ్గా రెండు జీఆర్పీ స్టేషన్ల హద్దు దగ్గర పడింది. కిలోమీటరు రాయికి అటా ఇటా అన్నది తేల్చడానికి ఇద్దరు టార్చిలైట్లు పట్టుకుని అడుగులు కొలిచారట. అప్పటికే వెనక మూడు రైళ్లు ఆగి ఉన్నాయి. నాన్న ఆ మూడోదాంట్లో ఉన్నారు. పాలడబ్బా కోసం పసిపిల్లనెత్తుకుని బోగీ బోగీ తిరుగుతున్న ఒక తల్లి గురించి చెబుతారు, ఆ శవం ఎవరిదన్నది మాత్రం ఆయనకి తెలియదు.

బ్రిటన్‌లోనూ పట్టాల మీద చావులు ఎక్కువే, వాటిలో చాలామటుకు ఆత్మహత్యలే. ఒక లైను మూసేస్తే లండన్ నుంచి ఎడిన్‌బరా దాకా రైళ్లన్నీ తలకిందులవుతాయి. బీటీపీవాళ్లు అక్కడికి చేరగానే ముందు తేల్చాల్సింది ఒకటే: ఇందులో ఎవరి చెయ్యైనా ఉందన్న అనుమానం ఉందా, లేదా? లేదంటే కావలసిన ఆధారాలు తీసుకుని, చనిపోయిన మనిషికి మర్యాద తక్కువ కాకుండా, లైను తెరిపిస్తారు. ఎన్ని నిమిషాల్లో తెరిచారో లెక్క రాసుకుంటారు. మామూలు పోలీసు చేయలేడా అంటే, చేస్తాడు. కానీ అతను హత్య జరిగిన ఇంటిని మూసినట్టు పట్టాలను మూస్తాడు, అతని శిక్షణ అది. పైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది. పట్టాల మీద అడుగు పెట్టాలంటే అక్కడ ఎవరికైనా విడిగా భద్రతా శిక్షణ, దానికి ధ్రువపత్రం కావాలి. 17 వేల మందిలో ఎంతమందికి ఆ శిక్షణ ఇస్తారు, ఎన్ని రోజులు ఇస్తారు, డబ్బెవరు పెడతారు అన్నది పార్లమెంటు కమిటీలో పెద్ద చర్చే అయింది. చర్చ ముగిసేనాటికి కూడా నాకు సమాధానం దొరకలేదు. బిల్లు నడుస్తుండగానే అక్కడి పోలీసు తనిఖీ సంస్థ ఇంకో మాట చెప్పింది: ఈ విలీనం వల్ల లాభమెంత, ఖర్చెంత అన్న వివరమైన లెక్క ముందుగా ఎవరూ వేయలేదని. పెళ్లి నిశ్చయమయ్యాక జాతకాలు అడిగినట్టుంది వ్యవహారం.

న్యూయార్క్ సంగతేంటి అని నాతో వాదించిన ఒక ఆఫీసు స్నేహితుడు అడిగాడు. మంచి ప్రశ్న. అక్కడ భూగర్భ రైళ్లకు విడిగా ట్రాన్సిట్ పోలీస్ ఉండేది, దాదాపు నాలుగు వేల మంది. 1995 ఏప్రిల్లో మేయర్ జూలియాని దాన్ని నగర పోలీసులో కలిపేశారు. అప్పటి నగర పోలీసు అధిపతి విలియం బ్రాటన్ అంతకుముందు ఆ ట్రాన్సిట్ పోలీసుకే అధిపతిగా చేసినవాడు, అంటే ఇల్లు రెండు వైపులా తెలిసినవాడు. అంతకుముందు మెట్లకి కింద ఉన్న పోలీసు రేడియోకి మెట్ల పైనున్న పోలీసు రేడియో అందేది కాదు. దొంగ మెట్లెక్కితే చాలు. అలాంటి చోట కలపడం న్యాయమే. ఆ పట్టాలన్నీ ఒక్క నగరంలోనే ఉన్నాయి, ఆ చివరా ఈ చివరా కూడా. పట్టాలు ఎక్కడ ఆగుతాయో దళం అధికారమూ అక్కడే ఆగేటట్టయితే కలిపినా నష్టం లేదు. పైగా నాలుగు వేల మందిని ఎవరూ బందోబస్తుకి పంపించి మరిచిపోలేరు.

స్కాట్లాండ్‌లో దళం ఆగేచోటు వేరు, రైలు ఆగేచోటు వేరు. లండన్ నుంచి ఎడిన్‌బరాకి 393 మైళ్లు. సరిహద్దు బెరిక్ స్టేషన్ దాటిన కాసేపటికి, సముద్రం అంచున, గడ్డిలో పాతిన ఒక బోర్డు. గంటకి వంద మైళ్ల వేగంతో పోయే రైల్లో అది కనురెప్ప వేసి తీసేలోపు వెళ్లిపోతుంది. ఆ కనురెప్ప పాటులో చట్టం మారుతుంది, అరెస్టు నిబంధనలు మారతాయి. బీటీపీ ఒక్కటే కాబట్టి ఇన్నాళ్లూ ఆ మార్పు పోలీసులు మోశారు, ప్రయాణికుడికి తెలియలేదు. బిల్లు ప్రకారం అయితే అక్కడ దళం కూడా మారుతుంది. ఎవరు ఎంతదాకా రావచ్చు, ఎవరు ఎవరిని పట్టుకోవచ్చు అన్నదానికి లండన్‌లో విడిగా ఉత్తర్వులు తేవాలి. తెస్తారు, ఎందుకు తేరు. కాయితం మీద అన్నీ అమరుతాయి. పిన్ని విషయంలోనూ కాయితం మీద అన్నీ అమిరే ఉన్నాయని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ప్రయాణంలో జరిగిన నేరాన్ని, ఆ ప్రయాణం ఏయే ఊళ్ల మీదుగా సాగిందో వాటిలో ఏ కోర్టైనా విచారించవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 183వ సెక్షన్ 2009లోనూ చెబుతూనే ఉంది. చట్టం పిన్ని వైపే ఉంది. రైటర్ పెన్ను మాత్రం లేదు.

విలీనం చివరికి జరగలేదు. సిద్ధాంతం ఓడిపోయి ఆగింది కాదు, కంప్యూటర్లు, పింఛన్లు ఆపాయి. ఎనిమిది దళాల్ని కలిపినప్పుడే వాటి రికార్డులన్నిటికీ ఒకే వ్యవస్థ అంటూ ఐ6 అని ఒకటి మొదలుపెట్టారు, అది 2016లోనే మూలన పడింది. పాత కాపురమే సర్దుకోలేదు, కొత్త కోడలు ఎక్కడుంటుంది? ఇంకో చిక్కు, బీటీపీ మనిషి పోలీసూ, సంస్థలో ఉద్యోగీ కూడా, రైల్వే పింఛను పథకంలో ఉన్నవాడు. స్కాట్లాండ్ పోలీసు అలా కాదు. ఉద్యోగం, జీతం, పింఛను మూడింటికీ మూడు తాళాల హామీ అని మంత్రులు చెప్పారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఉద్యోగులకు అర్థం కాలేదు. వాళ్ల సంఘం మొదట్నుంచీ వద్దనే అంది, రైల్వే కార్మిక సంఘాలూ అదే అన్నాయి. 2018 ఫిబ్రవరిలో వాయిదా వేశారు. ఆగస్టులో వేరే దారులు కూడా చూస్తామన్నారు. ఆ మూడు దారుల్లో తొలిరోజే వద్దన్నవాటి వైపు మళ్లారన్నమాట. స్కాట్లాండ్ రైళ్లను ఇప్పటికీ బీటీపీయే చూస్తోంది, దాని పాలక సంస్థలో స్కాట్లాండ్‌కి విడిగా ఒక కమిటీ ఏర్పడింది.

ఇదంతా చదివి, అయితే మన జీఆర్పీని తీసుకెళ్లి ఆర్పీఎఫ్‌లో కలిపేస్తే సరిపోతుందిగా, ఒకే దళం అవుతుందిగా అంటారని తెలుసు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఆ దిశగా ఒక ప్రయత్నం కూడా జరిగింది. కేసులు చూసే అధికారం ఆర్పీఎఫ్‌కి ఇవ్వాలని 2011లో ఒక సవరణ బిల్లు తయారుచేశారు. రాష్ట్రాలు ఎదురు తిరిగాయి. 2012లో ప్రధానికి లేఖ రాసి వ్యతిరేకించిన ముఖ్యమంత్రుల్లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ కూడా ఉన్నారు. కుర్చీ మారితే లిమిట్స్ ఎలా కనపడతాయో చూడాలని నాకు చాలా కుతూహలంగా ఉంది, కానీ అది ఇక్కడి విషయం కాదు.

నా మనసు మారింది 2023 జులై 31న. జైపూర్ నుంచి ముంబయి వెళ్లే రైల్లో, పాల్ఘర్ దగ్గర, కాపలాకి ఎక్కిన ఆర్పీఎఫ్ కానిస్టేబులే తన పై అధికారినీ ముగ్గురు ప్రయాణికుల్నీ కాల్చి చంపాడు. ఆ కేసు చేతిలోకి తీసుకున్నది మహారాష్ట్ర జీఆర్పీ. ఆ రోజు దేశంలో రైలుకి ఒక్క ఆర్పీఎఫే పోలీసు అయ్యుంటే, ఆర్పీఎఫ్ మీద కేసు రాసేది ఆర్పీఎఫే. బీటీపీ విషయంలో ఆ భయం లేకపోవడానికి కారణం, దాని మీద వచ్చే తీవ్రమైన ఫిర్యాదుల్ని చూడటానికి బయటి సంస్థలు ఉండటం. మన దగ్గర అంత గట్టి ఏర్పాటు లేదు. అది వచ్చేదాకా రెండో ఖాకీని నేను వదులుకోలేను, అది ఎంత విసిగించినా సరే.

ఇది నా వాదనకి నేనే గండి కొట్టుకోవడమని ఆ ఆఫీసు స్నేహితుడు అంటాడు. అక్కడ విడిగా ఉండాలంటావు, ఇక్కడ రాష్ట్రం చేతిలో ఉండాలంటావు అని. కావచ్చు. నేను చూస్తున్నది దళాల సంఖ్యని కాదు, ఆ రైటర్ బల్లని. మనిషి వచ్చి సంచి పోయిందంటే ముందు రాసుకోవాలి. అది ఎవరి హద్దో తర్వాత వాళ్లలో వాళ్లు కొట్టుకు చావచ్చు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ 2024 జులై 1 నుంచి అదే చెబుతోంది: నేరం ఎక్కడ జరిగినా సరే, సమాచారం అందిన స్టేషన్ రాసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అని దాన్ని పదేళ్లుగా ఆదేశాల్లో చెబుతూ వచ్చారు, ఇప్పుడు చట్టంలోకెక్కింది. 182 అని విడిగా ఉన్న భద్రతా నంబరుని 2021లో 139లో కలిపేశారు. కలపాల్సినవి ఇవి. నంబర్లు కలపండి, రేడియోలు కలపండి, కాయితాలు కలపండి. రెండు గదులూ ప్లాట్‌ఫారం చెరో చివర ఎందుకుండాలి, పక్కపక్కన పెట్టి మధ్యలో ఒకే బల్ల వేయొచ్చుగా? దీనికి చట్టం కూడా అక్కర్లేదు, తాపీమేస్త్రీ చాలు.

2018 మే నెలలో పిన్ని మా దగ్గరికి వచ్చింది. విలీనం వాయిదా పడి మూడు నెలలైంది. లండన్ చూపిద్దామని ఎడిన్‌బరాలో రైలెక్కించాను. సీట్లో కూర్చోగానే హ్యాండ్‌బ్యాగ్ లోంచి ఇనప గొలుసు, తాళం తీసింది. రాజమండ్రి స్టేషన్ బయట కొన్నదట, నాలుగు నెలల ముందే ప్రయాణానికి సిద్ధం చేసుకుంది. ఈ సీట్ల కింద గొలుసు వేయడానికి కొక్కెం లేదని చెప్తే నమ్మలేదు, వంగి తడిమి చూసుకుంది.

ఎడమవైపు సముద్రం వచ్చింది. బోర్డు వచ్చే వేళకి చూపిద్దామనుకున్నాను, ఈలోపే దాటేసింది.

"అదిగో పిన్నీ, ఇందాకటిదాకా స్కాట్లాండు. ఇప్పుడు ఇంగ్లండు."

"మరి ఇక్కడ సంచి పోతే ఎవరి లిమిట్సు రా?"

గోడ మీదున్న కాయితం చూపించాను. 61016. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె పైకి చదువుకుంటూ, పర్సులో ఉన్న మందుల చీటీ వెనక రాసుకుంది.

"ఇందాక అటువైపున్నప్పుడు కూడా ఇదేనా నంబరు?"

"ఇదే."

చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. చెప్పులు విడిచి, సంచిని కాళ్ల కింద నుంచి పైకి లాగి ఒళ్లో పెట్టుకుని, గొలుసుని రెండు చుట్లు చేతికి చుట్టుకుని, న్యూకాజిల్ రాకముందే నిద్రపోయింది.